వ్యసనపరురాలికి మన తలుపు ఎందుకు మూసుకుంటోంది?

కిందటి వర్షాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక, ఒక మహిళా ఆశ్రయ గృహానికి ఇరవై ఏడేళ్ళ స్త్రీని ఒక కార్యకర్త వెంటబెట్టుకొచ్చింది. భర్త కొట్టిన దెబ్బకు ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పేరు, ఊరు రాసుకున్నారు. అన్నం పెట్టారు. నియమం ప్రకారం సంచి తనిఖీ చేస్తే చిన్న ప్లాస్టిక్ పొట్లం, మసిబారిన గాజు గొట్టం దొరికాయి. అందరూ 'ఐస్' అని పిలుచుకునే మెథాంఫెటమిన్. అరగంటలో నిర్ణయం జరిగిపోయింది. ఇలాంటి వాళ్ళను ఉంచుకోలేం, మిగతా ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు, రేపు పోలీసులొస్తే జవాబు ఎవరు చెప్తారు? వ్యసన విముక్తి కేంద్రానికి ఫోన్ చేస్తే తమ దగ్గర ఆడవాళ్ళకు వార్డు లేదన్నారు. ఆమె ఆ రాత్రి బస్టాండులో పడుకుంది. మర్నాడు భర్త దగ్గరికే వెళ్ళిపోయింది.

ఆ గృహం సలహా సంఘంలో నేనూ సభ్యురాలిని. నెల తర్వాత సమావేశంలో ఈ సంగతి వచ్చింది. 'సరైన పనే చేశారు' అన్నవాళ్ళలో నేను లేను. కానీ 'తప్పు చేశారు' అని కూడా అనలేదు. టీ తాగి లేచి వచ్చేశాను. నా ఆ మౌనానికి సంజాయిషీ ఇచ్చుకోవలసిన బాధ్యత నాకుంది. దానికంటే ముఖ్యం, ఆ సమావేశంలో వినబడిన మాటలను నలుగురి ముందూ చర్చకు పెట్టడం.

'ఎవరో బలవంతాన తాగించారా, తనంతట తను తెచ్చుకున్నదే కదా' అని ఒకరు. 'మనసు గట్టిగా ఉంటే మానలేదా' అని ఇంకొకరు. 'ఇద్దరు పిల్లల తల్లయి ఉండి' అని మూడోవారు. వీళ్ళెవరూ మనకు పరాయివాళ్ళు కాదు. ఇరవై ఏళ్ళుగా హింసాబాధితుల పక్షాన నిలబడినవాళ్ళు. సారా వ్యతిరేక ఉద్యమంలో పనిచేసినవాళ్ళు ఉన్నారు. అందుకే నాకు ఇది మరింత బాధ కలిగించింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన ఆ ఉద్యమంలో మనం ఏమన్నాం? తాగే మగవాడిని కొట్టి బాగుచేయమనలేదు. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో గడప దాకా చేర్చిందన్నాం. ఎక్సైజు ఆదాయాన్నీ, వేలం పాటలనూ, కాంట్రాక్టర్లనూ వేలెత్తి చూపాం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిందంటే మన దృష్టి తాగేవాడి గుణగణాల మీద కాక, తాగించే వ్యవస్థ మీద ఉండబట్టే. మరి మత్తులో ఉన్న మనిషి స్త్రీ అయ్యేసరికి ఆ విశ్లేషణ అంతా ఎటు పోయింది? మగవాడి తాగుడులో రాజకీయార్థిక వ్యవస్థను చూసిన మనం ఆడదాని మత్తులో శీలాన్ని మాత్రమే చూస్తున్నాం.

చిక్కు మన భాషలోనే ఉంది. సప్త వ్యసనాల జాబితా గుర్తు తెచ్చుకోండి: స్త్రీ, జూదం, పానం, వేట, పరుషవాక్కు, కఠిన దండన, ధనాన్ని దుబారా చేయడం. ఇది రాజులకు చెప్పిన నీతి. వ్యసనంలో పడే కర్త పురుషుడు. స్త్రీ ఆ జాబితాలో ఒక వస్తువు, అదీ మొదటి వస్తువు. తానే వ్యసనంలో పడిన స్త్రీకి ఆ నీతిశాస్త్రంలో చోటే లేదు. 'బానిస' అనే మాట మరొకటి. 'మత్తుకు బానిసైన మహిళ' అని పత్రికలు రాస్తాయి. బానిసను విడిపించాలని కదా ఎవరికైనా అనిపించాలి? ఈ ఒక్క చోట మాత్రం బానిసదే నేరం. ఇక ఈ మధ్య నా చేతికొచ్చిన ఒక కరపత్రంలో 'టాలరెన్స్' అన్న వైద్య పదాన్ని 'సహనశీలత' అని అనువదించారు. స్త్రీలకు ఇప్పటికే బోధిస్తున్న సహనశీలత చాలదన్నట్టు! అసలు అర్థం వేరు. శరీరం ఒక మందుకు అలవాటుపడి, అదే మోతాదుకు మునుపటిలా స్పందించకపోవడం. ఈ మాటల వెనుక శరీరంలో ఏం జరుగుతుందో తెలియకుండా మనసు గట్టిదనం గురించి తీర్పులివ్వడం అన్యాయం.

మెథాంఫెటమిన్ కొత్త ఆనందాన్నేమీ తయారుచేయదు. ఉన్న నిల్వను తోడేస్తుంది. మన నాడీకణాల చివర్లలో డోపమిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో దాచి ఉంటుంది. ఆకలేసినప్పుడు అన్నం దొరికితే కొద్దిగా విడుదలవుతుంది, పని కాగానే మళ్ళీ లోపలికి పోతుంది. మెథ్ నాడీకణంలోకి దూరి ఆ సంచులను ఖాళీ చేయిస్తుంది. డోపమిన్‌ను లోపలికి తీసుకోవలసిన ద్వారాన్నే తిరగేసి బయటికి నెట్టిస్తుంది. కొకైన్ ఆ ద్వారాన్ని అడ్డుకుని ఊరుకుంటుంది. పైగా కొకైన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఒక గంట చాలు, మెథ్‌కు పది పన్నెండు గంటలు పడుతుంది. అన్ని గంటల పాటు నిద్ర, ఆకలి, అలసట మూడూ వెనక్కి పోతాయి.

ఈ మూడూ లేని మనిషి ఎవరికి అవసరమో ఆలోచించండి. 1893లో జపాన్‌లో నాగై నాగయోషి ఈ పదార్థాన్ని తయారుచేశాడు. 1938లో జర్మనీలో 'పెర్విటిన్' మాత్రలుగా బజారులోకి వచ్చింది. 1940లో ఫ్రాన్స్ మీద దండెత్తిన నెలల్లో జర్మన్ సైన్యానికి మూడున్నర కోట్ల మాత్రలు అందాయి. అదే కాలంలో ఇల్లాళ్ళ కోసం మెథ్ కలిపిన చాక్లెట్లు అమ్మారు. జపాన్‌లో 'హిరోపోన్' పేరుతో యుద్ధకాలపు కార్మికులకూ సైనికులకూ ఇచ్చి, యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు బజారున పడి వ్యసనం ఊళ్ళను ముంచెత్తాక 1951లో చట్టం చేశారు. అమెరికాలో ఈ కుటుంబపు మందులను డాక్టర్లే రాశారు, ఎక్కువగా ఆడవాళ్ళకు. సన్నబడటానికని, ఇంటి పనిలో ఉత్సాహానికని, దిగులుకని. 1962లో ఆ దేశంలో తయారైన ఆంఫెటమిన్లు ఏడాదికి 80 టన్నులని అంచనా. పసిపిల్లలతో సహా తలకు నలభై మూడు మోతాదుల లెక్క. ఇల్లాలు అన్నం తినకుండా, అలిసిపోకుండా, నవ్వుతూ పనిచేస్తున్నంత కాలం అది వైద్యం. అదే స్త్రీ అదే పదార్థాన్ని చీటీ లేకుండా తీసుకుంటే నేరం.

ఆ రాత్రి మనం వెళ్ళగొట్టిన స్త్రీని రెండు నెలల తర్వాత నేను వెతుక్కుంటూ వెళ్ళి కలిశాను. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు వచ్చిందని భర్త, అత్తగారు ఎత్తిపొడిచేవారట. రాత్రి షిఫ్టు ఉద్యోగం, పగలు పిల్లలు. తొలిసారి చేతికిచ్చింది భర్తే. నిద్ర రాదు, ఆకలి వేయదు, చకచకా పనవుతుందన్నాడట. అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. మొదటి రెండు నెలలూ సరిగ్గా అలాగే జరిగిందని ఆమె చెప్పింది.

ఆ తర్వాత జరిగేదే అలవాటుపడటం. మాటిమాటికీ ముంచెత్తే డోపమిన్‌కు మెదడు తనను తాను సర్దుకుంటుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు తగ్గిపోతాయి. ద్వారాలూ తగ్గిపోతాయి. మునుపటి ఉల్లాసానికి రెట్టింపు కావాలి. అన్నం, బిడ్డ నవ్వు వంటి మామూలు సంతోషాలు రుచి లేకుండా పోతాయి. దీని పొట్టి రూపం ఒక్క రాత్రిలోనే కనిపిస్తుంది. మందు రక్తంలో ఇంకా దండిగా ఉండగానే ఉల్లాసం దిగిపోతుంది. దాంతో ఉన్నదాని మీదే ఇంకో మోతాదు, దాని మీద మరొకటి. నిద్రలేకుండా మూడు నాలుగు రోజులు గడిచేది ఇలాగే. సన్నబడటానికి మొదలుపెట్టిన స్త్రీ విషయం మరీ దారుణం. ఆకలి చంపే గుణానికి శరీరం కొన్ని వారాల్లోనే అలవాటుపడుతుంది. బరువు తగ్గడం ఆగగానే ఆమె మోతాదు పెంచుతుంది.

కానీ శరీరమంతా ఒకే తీరుగా అలవాటుపడదు. కార్యకర్తలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఉల్లాసం తగ్గినంతగా గుండె మీద, రక్తపోటు మీద దాని ఒత్తిడి తగ్గదు. అనుమానం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం, లేని గొంతులు వినబడటం మరీ తలకిందులు. ఇవి రానురానూ తక్కువ మోతాదుకే వస్తాయి. 'ఆమెకు అలవాటే, తట్టుకుంటుంది' అనుకోవడం అందుకే ప్రమాదం. మన పనిలో దీని పర్యవసానం ఇంకొకటుంది. భర్త తనను వెంటాడుతున్నాడని, ఫోను వింటున్నాడని చెప్పే స్త్రీ సంచిలో మెథ్ దొరికిందనుకోండి. ఆ క్షణం నుంచి ఆమె ఫిర్యాదంతా మత్తు భ్రమ కింద జమ అవుతుంది. ఆమె భయంలో మందు పాలెంత, మొగుడి పాలెంత? ముందు నమ్మి, తర్వాత విచారించాలి. వాచిన కన్ను భ్రమ కాదు కదా.

ఇక యావ. 'క్రేవింగ్' అన్నదానికి నాకు దొరికిన దగ్గరి తెలుగు మాట ఇదే. తిండి యావ అంటాం కదా, అలాంటిదే, కానీ గుర్తు పట్టుకుని వస్తుంది. గాజు గొట్టం, ఫలానా గది, ఫలానా ఫోన్ మోత, జీతం వచ్చిన రోజు, కొట్లాట తర్వాతి నిశ్శబ్దం. వీటిలో ఏది ఎదురుపడినా ఆలోచన కంటే ముందు శరీరం కదులుతుంది. రోజులు గడిచేకొద్దీ యావ చల్లారుతుందని అందరం అనుకుంటాం. అలా జరగదు. మందు ఆపిన తర్వాత గుర్తులు రేపే యావ తొలి వారాల్లో తగ్గకపోగా పెరుగుతుందని 2001లో ఎలుకల మీద కొకైన్ పరిశోధనలో తేలింది. మెథ్ మానిన మనుషుల్లో తొలి మూడు నెలల దాకా అలా పెరగడం 2013లో కనిపించింది. ఇరవై ఒక్క రోజులో నెలో కేంద్రంలో ఉంచి, 'మానేసింది' అని సంతకం పెట్టించుకుని, అదే ఇంటికి, అదే గదికి పంపుతున్నాం. యావ పుంజుకుంటున్న సమయానికి సరిగ్గా.

ఇక్కడ ఆడవాళ్ళ పరిస్థితి మగవాళ్ళ కంటే వేరు. చాలామంది స్త్రీలకు ఆ మందును మొదట ఇచ్చినవాడు, తెచ్చిపెట్టేవాడు, కలిసి తీసుకునేవాడు భర్తో స్నేహితుడో అయి ఉంటాడు. అంటే యావను రేపే గుర్తు ఒక వస్తువు కాదు, ఆమెను కొట్టే మనిషే. హింసా, వ్యసనమూ ఒకే గదిలో ఉన్నాయి. ఆ గదికి దూరంగా ఉండటం సగం వైద్యం. మధ్యతరగతి వాళ్ళయితే అమ్మాయిని బెంగుళూరు అక్క దగ్గరికి పంపుతారు. అక్క లేనివాళ్ళకు ఉన్నది మన ఆశ్రయ గృహమే. హింస నుంచి రక్షణ మన పని, వ్యసనం ఇంకెవరి పనో అని విడదీసి మనం తలుపు మూసినప్పుడు, ఆమెకు దొరికే ఒకే ఒక్క వైద్యాన్ని కూడా తీసేశాం.

సంకల్పబలం మాట తెలంగాణలో కల్లు తెలిసినవాళ్ళెవరూ అనగూడదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతబడితే నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు నిండిపోయాయి. కల్లులో కలిపిన ఆల్ప్రజోలం ఒక్కసారి ఆగేసరికి ఫిట్స్, వణుకు, మతిభ్రమ. ముసలివాళ్ళు, కూలి ఆడవాళ్ళు మంచాలకు కట్టేయవలసిన స్థితిలో వచ్చారు. వాళ్ళను ఎవరూ 'మనసు గట్టి చేసుకో' అనలేదు. సెలైన్ ఎక్కించారు. మెథ్ ఆపితే సాధారణంగా అలా ఫిట్స్ రావు. విపరీతమైన నిద్ర, ఆకలి, దేనిమీదా మనసు లేకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన. వారం పది రోజుల్లో ఆ ఉధృతి తగ్గుతుంది. చూసేవాళ్ళకు అది జబ్బులా కనబడదు. బద్ధకంలా, పిల్లలను పట్టించుకోని తల్లిలా కనబడుతుంది. ఆ పది రోజులే ఆత్మహత్య ప్రమాదం ఉన్న రోజులు.

మరి ఒకసారి తీసుకుంటే జీవితాంతం పోయినట్టేనా? గోడల మీది పోస్టర్లు అలాగే చెబుతాయి. అది నిజం కాదు, పైగా హాని. ఒకటి రెండుసార్లు తీసుకుని ఏమీ కాని పిల్ల ఆ పోస్టరులోని మిగతా నిజాలను కూడా ఇక నమ్మదు. తీసుకున్నవాళ్ళందరూ వ్యసనంలో పడరు. పొగగా పీల్చినా, సూదితో ఎక్కించినా క్షణాల్లో మెదడును చేరుతుంది కాబట్టి మింగిన దానికంటే త్వరగా కట్టిపడేస్తుంది. ఎంత తరచుగా, ఏ వయసులో, ఎంత దిగులు మీద, ఎంత నిద్రలేమి మీద, చిన్ననాటి ఏ హింస మీద అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. స్త్రీలలో ఋతుచక్రం తొలి సగంలో ఆంఫెటమిన్ ఇచ్చే ఉల్లాసం ఎక్కువని 1999లో ఒక ప్రయోగం చూపింది. స్త్రీలకే ఎక్కువగా రాసిచ్చిన మందు స్త్రీల శరీరంలో ఎలా పనిచేస్తుందో చూడటానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో గమనించండి.

దేశం మునిగిపోతోందన్న హడావుడీ అక్కర్లేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10–75 ఏళ్ళవారిలో ఆంఫెటమిన్ రకం మందులు వాడేవాళ్ళు 0.18 శాతం, మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం. అత్తగారికి తెలియకుండా దాచే స్త్రీ లెక్కలు రాసుకునేవారికి మాత్రం చెబుతుందా అన్నది నా అనుమానం. ఏమైనా హడావుడి ఎక్కడికి తీసుకెళ్తుందో థాయ్‌లాండ్ చూపించింది. అక్కడ మెథ్, కెఫిన్ కలిపిన మాత్రను లారీ డ్రైవర్లు, కూలీలు 'యా మా', అంటే గుర్రపు మందు, అని పిలిచేవారు. 1996లో ప్రభుత్వం దాన్ని 'యా బా', అంటే పిచ్చి మందు, అని పేరు మార్చింది. శిక్షలు పెంచింది. 2003లో ప్రధాని థక్సిన్ 'యుద్ధం' ప్రకటించిన మూడు నెలల్లో 2,800 మంది దాకా హతులయ్యారు. వారిలో సగానికి పైగా మందికి మాదకద్రవ్యాలతో సంబంధమే కనబడలేదని 2007లో విచారణ సంఘం తేల్చింది. జైళ్ళలోని స్త్రీలలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా మాదకద్రవ్య కేసుల వాళ్ళే అయ్యారు. మహిళా ఖైదీల కోసం 2010లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నియమాలకు బ్యాంకాక్ పేరు రావడంలో ఒక వ్యంగ్యం లేకపోలేదు. ఆ దేశం తన మాదకద్రవ్య చట్టాలను తిరగరాసింది 2021 చివరికి.

అమెరికాలోని అలబామా మరో దారి పట్టింది. ఇంట్లో మెథ్ వండే వాళ్ళ నుంచి పిల్లలను కాపాడాలని 2006లో చట్టం తెచ్చారు. దాన్నే గర్భిణుల మీద ప్రయోగించారు. 'బిడ్డ' అంటే గర్భస్థ శిశువు కూడానని 2013 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది. గర్భంలో మెథ్ వల్ల బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది, కాదనను. కానీ 'మెథ్ శిశువులు' అనే ముద్రకు శాస్త్రీయ ఆధారం లేదని 2005లోనే తొంభై మందికి పైగా వైద్యులు, పరిశోధకులు పత్రికలకు బహిరంగ లేఖ రాశారు. జైలు భయంతో గర్భిణి ఆసుపత్రికే రాకపోతే ఆ బిడ్డను ఎవరు కాపాడినట్టు?

మన చట్టం సంగతి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో మెథాంఫెటమిన్ రెండు గ్రాముల దాకా 'స్వల్ప పరిమాణం'. స్వల్ప పరిమాణంతో పట్టుబడినా, వాడినా, ఆ వ్యక్తి స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్స తీసుకుంటే 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయిస్తుంది. ఆ రాత్రి మన గృహంలో భయపడింది 25వ సెక్షన్‌కు. తెలిసీ తన చోటును నేరానికి వాడుకోనిచ్చిన యజమాని మీద కేసు. ఒక స్త్రీకి అన్నం పెట్టి పడక ఇవ్వడం ఆ సెక్షన్ కిందికి ఎలా వస్తుంది? వకీలును అడిగి ఉండవచ్చు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చికిత్స లేదన్న నిరాశ కూడా సాకే. మెథ్ వ్యసనానికని ఆమోదం పొందిన మందు లేదు, నిజం. నాల్‌ట్రెక్సోన్ సూది, బ్యుప్రోపియాన్ మాత్ర కలిపి ఇచ్చిన 2021 పరీక్షలో 13.6 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 2.5 శాతం. చిన్న మేలే. ఇప్పటివరకు బాగా పనిచేసినది చాలా మామూలు పద్ధతి. మూత్ర పరీక్షలో మందు లేదని తేలిన ప్రతిసారీ చిన్న కూపనో, సరుకులో ఇవ్వడం. 'తాగుబోతులకు బహుమతులా' అని ముఖం చిట్లించేవాళ్ళు ఉంటారు. నోరా వోల్కోవ్ బృందం 2001లో మెదడు చిత్రాలు తీసి చూస్తే, తగ్గిపోయిన డోపమిన్ ద్వారాలు ఏడాదికి పైగా మానిన తర్వాత చాలావరకు కోలుకున్నాయి. జ్ఞాపకశక్తి అంతగా కోలుకోలేదు. ఏడాది పట్టే పనికి ఇరవై ఒక్క రోజుల పడక ఇచ్చి, తిరిగి పడిపోతే గుణాన్ని తిట్టడం మన అలవాటు.

వచ్చే నెల సలహా సంఘం సమావేశానికి నేను మూడు అంశాలు రాసి పంపాను. మత్తు వాడకాన్ని కారణంగా చూపి ఏ స్త్రీనీ రాత్రిపూట తిప్పి పంపకూడదు. దొరికిన పదార్థం విషయంలో ఏం చేయాలో వకీలుతో రాతపూర్వకంగా తీసుకోవాలి. పిల్లలతో సహా స్త్రీలను చేర్చుకునేలా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంతో ఒప్పందం కావాలి. మొదటి అంశానికి ఇప్పటికే ఇద్దరు సభ్యుల అభ్యంతరం వచ్చింది. వాళ్ళ భయాలు పూర్తిగా ఊహలని నేను అనను. మూడు రోజులు నిద్రలేని మనిషి అనుమానంతో అరిస్తే పక్క మంచం మీది స్త్రీ భయపడుతుంది. దానికి ఇంకో గది కావాలి, రాత్రి ఒక మనిషి కావాలి, డబ్బు కావాలి. ఆ లెక్క వేద్దాం. తలుపు మూయడానికి ఆ లెక్క కూడా వేయలేదు మనం.

ఆమె ఇప్పుడు తల్లి దగ్గర ఉంది, పెద్దపిల్లతో. చిన్నవాడు భర్త దగ్గరే ఉన్నాడు. 'మత్తుమందు తీసుకునే తల్లి' అని పిల్లవాడి అప్పగింత కోసం కోర్టులో అతను పిటిషను వేశాడు. మొదటి పొట్లం ఎవరిచ్చారన్నది ఆ పిటిషనులో ఎక్కడా లేదు.